ఎదగని బిడ్డ – బఠానీ గింజంత గ్రంథి

ఏటా తరగతి మారినా వరుసలో ముందే నిలబడే విద్యార్థిని చూచి, ‘వంశమే పొట్టిది’ అని మేమూ సరిపెట్టుకున్నాము. అది పొరపాటు. నాలుగేళ్లు దాటిన బిడ్డ, యౌవనానికి ముందు, ఏడాదికి 4 సెంటీమీటర్లకన్నా తక్కువ పెరిగితే వైద్యునికి చూపవలెను.

మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి ఎదుగుదల హార్మోనును స్రవిస్తుంది. రక్తపరీక్షలలో దాని లోపం తేలితే ఎం.ఆర్.ఐ. తీస్తారు. ఇందులో ఎక్స్‌రే కిరణాలుండవు. అయస్కాంత శక్తి, రేడియో తరంగాలతో చిత్రం వస్తుంది. గ్రంథి చిన్నదా, దానిని మెదడుతో కలిపే కాడ తెగినదా, కణితి ఒత్తుతున్నదా అన్నది కానవస్తుంది. హార్మోను మితిమీరినపుడు కణితి జాడ తెలిపేదీ ఇదే. చిత్రం సవ్యంగా ఉన్నా లోపం ఉండవచ్చు.

ఎముకల ఎదుగుదల పొరలు మూసుకుపోయాక ఇంజెక్షన్లు ఎత్తు పెంచలేవు. తల్లిదండ్రులారా! ఆరు నెలలకొకసారి బిడ్డ ఎత్తు కొలిచి వ్రాసిపెట్టండి. బిడ్డ మన చేతిలోని అమానతు.