పురిటింటిలో ఛాయాచిత్రకారుడు

పుట్టిన పది పదునైదు దినములలోనే బిడ్డకు ఇంటియొద్ద ఛాయాచిత్రములు తీయించు వాడుక యిప్పుడు మా ప్రాంతమునకును వచ్చినది. కెమెరాయు, మెత్తని దిండ్లును, రంగు వస్త్రములును సంచులలో నింపుకొని యిండ్లకు వచ్చు యువకులును యువతులును కలరు. "తాతయ్యా, మన పటమట పేరులోనే పటము ఉన్నదిగదా" అని మా పెద్ద మనుమరాలు పరిహాసమాడినది. ఆ వ్యుత్పత్తిని నేనంగీకరింపలేదు గాని, పటము తీయించుట మాత్రము మా యింట నీ నడుమనే జరిగినది. మా రెండవ కుమార్తె తొలికాన్పునకు పుట్టింటికి వచ్చి మగబిడ్డను కనినది. ఆ సందర్భమున నేను విచారించి తెలిసికొన్న సంగతులను మీకు నివేదించెదను.

మొదటి ప్రశ్న, ఎన్నడు తీయింపవలెను అన్నది. ఈ వృత్తివారు 5వ దినము మొదలు 14వ దినము వఱకు గల కాలమును కోరుదురు. ఏలయన, ఆ దినములలో శిశువు రాత్రింబగళ్లు కలిపి సుమారు 16 గంటలు నిద్రించును. గర్భమున నున్న రీతినే కాలుసేతులు ముడుచుకొని పండుకొనును. మెల్లగా కదల్చినను మేలుకొనదు. రెండు వారములు దాటినపిదప మెలకువ హెచ్చును, అవయవములు చాచుకొనును, కడుపు ఉబ్బరపు టేడ్పులు మొదలగును. అయితే, సరిగా నీ దినములే మనకు పురిటి దినములు. మా అక్కయ్యకు ఎనుబది దాటినవి. "పురుడు వెళ్లకుండా పరాయివాళ్లు గదిలోకి రావడమేమిటిరా తమ్ముడూ?" అని ఆమె పట్టు. "రెండు వారాలు దాటితే వీడు ఇలా ముడుచుకుని పడుకోడు నాన్నా" అని కుమార్తె పట్టు. శాస్త్రము చదివినవాడవు గావున నీవే తీర్పు చెప్పుమని యిరువురును నన్ను పట్టుకొనిరి.

తీర్పు కష్టమైనది కాదు. జాతాశౌచము పది దినములు. పదునొకండవ దినమున పురిటిస్నానము, పుణ్యాహవాచనము. మనుస్మృతి నామకరణమును పదియవ దినమునగాని పండ్రెండవ దినమునగాని చేయుమనును. బిడ్డను ఇల్లు వెడలించుట నాలవ మాసమున. కావున 12వ దినమున ఛాయాచిత్రకారుని ఇంటికే పిలిచితిమి. అక్కయ్య పురుడు గడచినది, కుమార్తె రెండు వారములు దాటలేదు. బిడ్డను స్టూడియోకు మోసికొనిపోవు పనియు తప్పినది. బారసాలను 21వ దినమునకు ఉంచుకొంటిమి.

పురుడు అంటరానితనమని మాత్రమే తలచువారు దాని లోపలి ప్రయోజనమును కూడ కొంత యాలోచింపవలెను. అప్పుడే పుట్టిన బిడ్డకు రోగములను ఎదుర్కొను శక్తి స్వల్పము. పెద్దవారికి జలుబు మాత్రమే యైనది పసికందునకు ప్రాణాపాయము కావచ్చును. రెండు నెలలలోపు బిడ్డకు జ్వరము తగిలినచో ఇంటివైద్యము చేయక, జాగు లేక వైద్యుని యొద్దకు పోవలసినదే. కాబట్టి, ఎవరిని పిలిచినను ముందుగా ఫోనులో అడుగుడు: తమకు గాని తమ సహాయకునకు గాని దగ్గు, జలుబు, జ్వరము, చర్మరోగము ఏదైన కలదా యని. కలదన్నచో దినము మార్చుకొనుడు. వచ్చినవారు చెప్పులు వెలుపల విడిచి, మోచేతుల వఱకు సబ్బుతో కడుగుకొని గాని గదిలో అడుగుపెట్టరాదు. బిడ్డను ముద్దుపెట్టుకొను ముచ్చట వారికే కాదు, చుట్టములకును వలదు.

ఇక, పటము తీసినచో ఆయుస్సు తగ్గునన్న భయము. ఇది మన యిండ్లలో చాలకాలము నిలిచిన నమ్మకము. నా వెనుక 1962లో ఒక తమ్ముడు పుట్టి నలువది దినములు బ్రతికెను. వానికి పటము తీయింతమని మా నాన్నగారన్నప్పుడు పెద్దలు వారించిరట. వాని యాయుస్సు పటము లేకయే తీరినది. మా అమ్మ ముసలితనమున నేనెప్పుడైనను వాని మొగమెట్లుండెడిదని అడిగినచో, "నీలాగే ఉండేవాడు" అని యొకమాఱు, "మీ మేనమామ పోలిక" అని యొకమాఱు చెప్పెడిది. చివరి దినములలో నేమియు చెప్పక చేతులతో వాని పొడవు మాత్రము చూపెడిది. ఈ సంగతి అక్కయ్యయు ఎఱుగును. దృష్టిదోషమును గూర్చి ఆమె ఎంత వాదించినను, పటమే వలదని మాత్రము అనలేదు.

ఛాయాచిత్ర విద్యను పారిసు నగరమున దగెరు పేర 1839లో లోకమునకు వెల్లడించిరి. ఆ తొలి దినములలో పలక మీద బొమ్మ పడుటకు చాల సేపు పట్టెడిది. అంతసేపు బిడ్డ కదలక యుండదు. అందుచేత పాశ్చాత్య దేశములలో తల్లిని తలనుండి పాదముల వఱకు వస్త్రముతో కప్పి, కుర్చీవలె అమర్చి, ఆమె యొడిలో బిడ్డను ఉంచి తీసెడివారు. అట్టి పటములు నేటికిని చాల నిలిచియున్నవి. బిడ్డ కనబడును, తల్లి ముసుగు మాత్రమే కనబడును. మన హైదరాబాదున రాజా దీనదయాళు 1892లో ఘోషాస్త్రీలకై ప్రత్యేకముగా జనానా స్టూడియో తెఱచి, దానిని ఒక ఆంగ్ల వనిత చేతికి అప్పగించెను. నేటి కెమెరా రెప్పపాటులో తీయును గావున తల్లిని దాచవలసిన పనిలేదు.

గదిని గూర్చి. విద్యుద్దీపములకన్న కిటికీ వెలుగు మేలు. మా యింట తూర్పు కిటికీకి పలుచని తెల్లని తెర కట్టి, ఉదయము 9 మొదలు 11 గంటల లోపల పని ముగించితిమి. వెలుగు బిడ్డ తలవైపునుండి ఏటవాలుగా మొగముపై పడవలెను. పాదములవైపునుండి పడినచో ముక్కు నీడ పైకి ప్రాకి మొగము వికృతమగును. కిటికీ వెలుగుతో పాటు ట్యూబులైటు వెలిగించినచో రెండు రంగులు కలిసి చర్మము ఒకప్రక్క నీలముగను ఒకప్రక్క పసుపుగను కనబడును. కావున దీపములు ఆర్పుడు. మా గది గోడలు చిలుకపచ్చ. ఆ పచ్చదనము బిడ్డ చెక్కిళ్లమీద తేలుచున్నదని ఆ యువకుడు చెప్పగా, నా తెల్లపంచె యొకటి గోడకు వ్రేలాడదీసితిమి. ఫ్లాషు వెలుగు కంటికి చెఱుపని నిరూపితము కాలేదు గాని, నిద్రించు బిడ్డ ఉలికిపడును. కిటికీ యుండగా దాని యక్కఱ యేమి?

వస్త్రములు తీసిన బిడ్డ త్వరగా చల్లబడును. పంకా ఆపి, గది 26 మొదలు 28 డిగ్రీల వఱకు ఉండునట్లు చూచుకొనవలెను. పెద్దవారికి కొంచెము ఉక్కగా తోచునంత వెచ్చదనము చాలును. చేతులు కాళ్లు తాకి చూచుట కాదు, వీపు తాకి చూడుడు. మన బెజవాడ యెండలు మీరెఱుగనివి కావు. వైశాఖ జ్యేష్ఠములలో పుట్టిన బిడ్డకు చలికన్న వేడిమియే ముప్పు. అప్పుడు ఏసీ యంత్రమును 27 డిగ్రీలకు అమర్చి, దాని గాలి సూటిగా బిడ్డమీద పడకుండ చేయవలెను. విద్యుత్తు పోయినచో ఆనాటికి పని మానుడు.

ఆ ఉదయమున నూనె మర్దనము వలదు. చర్మము మెఱయును, చేతిలో బిడ్డ జారును. పౌడరు చల్లవలదు, అది ఊపిరితో లోనికి పోవును. సాంబ్రాణి పొగయు అట్టిదే. కాటుక కన్నులకు దిద్దవలదని నేత్రవైద్యులు ఘోషించుచున్నారు. కొన్ని కాటుకలలో సీసము కలియుచున్నది. దృష్టిచుక్క మాటేమని అక్కయ్య అడిగినది. అరికాలున పెట్టుమంటిమి, ఆమెయు సమ్మతించినది. బొడ్డు ఇంకను ఊడనిచో దానిని తడి తగులకుండ తెఱచి యుంచవలెను. మెడలోని గొలుసు, నల్లపూసలు తీసివేయవలెను. పాలు సరిగా పని మొదలుపెట్టుటకు ముందు పట్టుడు. నడుమ బిడ్డ కోరినప్పుడెల్ల కెమెరా ఆగవలసినదే. రెండు మూడు గంటలకొకమాఱు పాలు త్రాగు ప్రాణి అది.

అలంకారమునకు విదేశపు బుట్టలను వెదకనక్కఱలేదు. పెక్కుమాఱులు ఉతికిన మంగళగిరి నూలువస్త్రము కన్న మెత్తని చుట్టుబట్ట నేను చూడలేదు. పెడన కలంకారీ దుప్పటి క్రింద పఱచుటకు చాల అందము. క్రొత్త వస్త్రమునకు గంజియు, జరీ అంచునకు గఱుకుదనమును ఉండును గావున అవి పసిచర్మమునకు తగవు. కొన్ని యిండ్లలో బిడ్డను చేటలో పండుకొనబెట్టు ఆచారము కలదు. మా యింట అదియే జరిగినది. చేటను నేలమీదనే ఉంచి, లోపల మడతలు పెట్టిన పాతచీర పఱచి, దానిపై బిడ్డను ఉంచితిమి. కొండపల్లి బొమ్మ ఒకటి ప్రక్కన కొంచెము దూరముగా నిలిపితిమి. రంగు పూసిన కొయ్యబొమ్మ బిడ్డకు అందరాదు. చుట్టుబట్ట తొడలను బిగించి కాళ్లను తిన్నగా చాపునట్లు కట్టరాదు. అది తుంటికీళ్లకు హాని.

ఇప్పుడు నేను ముఖ్యమని తలచు విషయము. బిడ్డ తన గడ్డమును రెండు అరచేతులపై ఆనించుకొని నవ్వుచున్నట్లు ఒక చిత్రము ఫోనులలో తిరుగుచుండును. దానిని చూచి, మనవానికిని అట్లే తీయుమని వియ్యాలవారు పంపిరి. పసికందు మెడ తల బరువును మోయజాలదు. ఆ చిత్రము ఒకటి కాదు, రెండు. ఒకదానిలో ఒకరు తలను పట్టుకొందురు. రెండవదానిలో మణికట్లను పట్టుకొందురు. పిదప కంప్యూటరుపై పట్టుకొన్న చేతులను తుడిచి రెండింటిని అతుకుదురు. ఈ మర్మము తెలియని తల్లిదండ్రులు ఇంటియొద్ద ఫోనుతో ప్రయత్నించినచో మెడకును ఊపిరికిని అపాయము. గడ్డము ఱొమ్మునకు నొక్కుకొన్నచో శ్వాసమార్గము మూసికొనిపోవును. మనకు అది నిద్రవలెనే కనబడును. కొమ్మకు వ్రేలాడు ఉయ్యాల చిత్రములును అట్టి అతుకులే కావచ్చును. మా ఛాయాచిత్రకారుడు ఈ భంగిమలలో శిక్షణ తనకు లేదని తానే చెప్పెను. అతనిపై నాకు గౌరవము హెచ్చినది. బిడ్డ వెల్లకిల పండుకొని, ప్రక్కకు ఒత్తిగిలి, తల్లి భుజముపై ఆని యున్న చిత్రములే తీసితిమి.

బిడ్డకు చేయి చాచినంత దూరములో ఒకరు వేఱు పనిలేక కూర్చుండవలెను. ఆ పని మా అల్లునికి అప్పగించి, అతని ఫోను పుచ్చుకొంటిమి. నెలలు నిండక పుట్టిన బిడ్డకును, అస్వస్థతగల బిడ్డకును వైద్యుని అడుగక ఈ ముచ్చట వలదు.

తల్లిని గూర్చి రెండు మాటలు. ఆమె పచ్చి బాలెంత. చేతులున్న కుర్చీయు, వీపునకు దిండును, త్రాగుటకు వెచ్చని నీరును కావలెను. ఆమె అలసితి నన్నచో అంతటితో పని ముగిసినట్లే. ఆమెను పట్టుచీర కట్టుమని ఎవరును ఒత్తిడి చేయరాదు.

తొలి వారమున సగముకన్న ఎక్కువమంది బిడ్డలకు కొంత పచ్చకామెరల ఛాయ వచ్చును. చిత్రమునకు తరువాత మెఱుగులు దిద్దువారు ఆ పసుపును తీసి గులాబి రంగు చేయుదురు. అందముకొఱకు చేసికొనుడు, కాని ఆరోగ్యమును చిత్రములో చూడకుడు, పగటి వెలుతురులో బిడ్డనే చూడుడు. పసుపు అరచేతులకు, అరికాళ్లకు దిగినచో ఆనాడే వైద్యుని కడకు పోవలెను. రెండు వారములు దాటియు పోనిచో పరీక్ష చేయింపవలెను.

బేరమాడునప్పుడే మఱియొకటి అడుగుడు. 1957నాటి కాపీరైటు చట్టము ప్రకారము, సొమ్మిచ్చి తీయించుకొన్న ఛాయాచిత్రముపై, వేఱు ఒప్పందము లేనియెడల, తీయించుకొన్నవారికే తొలిహక్కు. కాని, వారు చేవ్రాలు పెట్టించుకొను కాగితములో తమ ప్రచారమునకు వాడుకొందుమను పంక్తి యుండవచ్చును. చదివి, ఇష్టము లేనిచో కొట్టివేయింపుడు. దిగంబరముగా నున్న బిడ్డ చిత్రమును ఊరందఱి ఫోనులకు పంపుట నాకు సమ్మతము కాదు. మా కుమార్తెకును కాదు.

చిత్రములు చేతికి వచ్చినపిదప వానిని రెండు వేఱు వేఱు చోట్ల దాచుడు. నాలుగైదింటినైనను కాగితముపై అచ్చువేయింపుడు. ఆల్బములో ప్రతి చిత్రము క్రింద బిడ్డ పేరు, తిథి, సంవత్సరము, ఎత్తుకొన్నవారి పేరు వ్రాయుడు. మా పాతపెట్టెలో ఒడిలో బిడ్డతో నున్న స్త్రీ చిత్రము ఒకటి కలదు. ఆమె మా నాయనమ్మయని నేననుచుందును, కాదు మా పెదనాయనమ్మయని అక్కయ్య యనుచుండును. బిడ్డ ఎవరో ఇరువురకును తెలియదు.