అత్యధిక వేగం దగ్గర త్వరణం ఎంత?

2009 ఆగస్టు 16న బెర్లిన్ ఒలింపిక్ స్టేడియంలో జమైకా వీరుడు ఉసేన్ బోల్ట్ 100 మీటర్లు 9.58 సెకన్లలో పరుగెత్తాడు. తొమ్మిదో తరగతి పిల్లల్ని ఆ పరుగు గురించి ఒక ప్రశ్న అడిగి చూడండి: బోల్ట్ అత్యంత వేగంగా దూసుకుపోతున్న క్షణంలో అతని త్వరణం ఎంత? ‘చాలా ఎక్కువ’ అంటారు చాలామంది. సరైన జవాబు సున్నా. పిల్లలే కాదు, చదువుకున్న పెద్దలూ తడబడే చోటు ఇది. అందుకే నిదానంగా విప్పి చూద్దాం.

ముందు స్థానభ్రంశం. బయలుదేరిన చోటు నుంచి చేరిన చోటికి తిన్నగా గీసిన గీత పొడవూ, దాని దిశా కలిస్తే అదే స్థానభ్రంశం. 100 మీటర్ల పందెం తిన్నని దారి కాబట్టి దూరమూ స్థానభ్రంశమూ సమానం. 400 మీటర్ల పందెంలో లోపలి లేన్‌లో పరుగెత్తినవాడు మాత్రం మొదలుపెట్టిన గీత దగ్గరికే వస్తాడు. అంత ఆయాసపడి పరుగెత్తినా స్థానభ్రంశం సున్నా! దూరాన్ని కాలంతో భాగిస్తే వడి, స్థానభ్రంశాన్ని భాగిస్తే వేగం. కాబట్టి ఆ చుట్టు మొత్తానికి అతని సగటు వేగం కూడా సున్నాయే.

ఇక బోల్ట్ దగ్గరికి వద్దాం. 100ను 9.58తో భాగిస్తే సెకనుకు 10.44 మీటర్లు వస్తుంది. ఇది సగటు మాత్రమే, పరుగు లోపల ఏం జరిగిందో చెప్పదు. అదృష్టవశాత్తూ ఆ రోజు ప్రతి 20 మీటర్ల దగ్గరా కాలం కొలిచారు: 2.89, 4.64, 6.31, 7.92, 9.58 సెకన్లు. పక్కపక్క అంకెల తేడాలు తీస్తే కథంతా బయటపడుతుంది. మొదటి 20 మీటర్లకు 2.89 సెకన్లు పట్టింది. అందులో తుపాకీ మోత విని కదలడానికే దాదాపు 0.15 సెకను పోయింది. తర్వాతి 20కి 1.75, ఆపై 1.67, 1.61, చివరి 20కి 1.66. ఈ లెక్కన సగటు వేగాలు వరుసగా సెకనుకు 6.9, 11.4, 12.0, 12.4, 12.0 మీటర్లు. 60–80 మీటర్ల మధ్య అతను గంటకు దాదాపు 45 కిలోమీటర్ల వేగంతో ఉన్నాడు.

వేగం ఎంత త్వరగా మారుతోందో చెప్పేదే త్వరణం. కదలిక మొదలయ్యాక సుమారు 3.6 సెకన్లకు బోల్ట్ 11.4 అందుకున్నాడు. అంటే సగటున ప్రతి సెకనుకూ 3 మీటర్ల పైచిలుకు వేగం పెరిగింది. అక్కడి నుంచి 12.0కు చేరడానికి మరో 1.7 సెకన్లు పట్టింది, త్వరణం 0.3 మీ/సె²కు పడిపోయింది. వేగం పెరుగుతోంది, త్వరణం తగ్గుతోంది. ఈ రెండూ ఒకేసారి జరగగలవని ఒప్పుకుంటే సగం భౌతికశాస్త్రం చేతికందినట్టే. వేగం శిఖరానికి చేరిన క్షణంలో పెరగడం ఆగింది, తగ్గడం ఇంకా మొదలుకాలేదు. మార్పు లేదు కనుక త్వరణం సున్నా. ఆఖరి 20 మీటర్లలో అది రుణాత్మకం. ప్రపంచ రికార్డు గీతను బోల్ట్ వేగం తగ్గుతూ ఉండగానే దాటాడు!

దీనికి సరిగ్గా తిరగేసిన ఉదాహరణ పైకి విసిరిన బంతి. కొన మీద దాని వేగం సున్నా, త్వరణం మాత్రం కిందికి 9.8 మీ/సె². ఆ క్షణంలో త్వరణం కూడా సున్నా అయితే బంతి అక్కడే ఆగిపోవాలి.

వడి మారకపోయినా త్వరణం ఉండవచ్చు. 400 మీటర్ల ట్రాక్ మలుపు వ్యాసార్ధం 36.5 మీటర్లు. సెకనుకు 9 మీటర్ల వడిని ఏమాత్రం మార్చకుండా మలుపు తిరిగినా దిశ మారుతోంది కదా, 9 వర్గాన్ని 36.5తో భాగిస్తే 2.2 మీ/సె² త్వరణం వస్తుంది. పరుగువీరులు మలుపులో లోపలికి వాలేది ఇందుకే.

మన ఒంటికి తెలిసేది వేగం కాదు, దానిలో మార్పు. భూభ్రమణం వల్ల హైదరాబాదు గంటకు దాదాపు 1,600 కిలోమీటర్ల వడితో తూర్పుకు సాగిపోతోంది, మనకు చీమ కుట్టినట్టయినా ఉండదు. బస్సు డ్రైవరు బ్రేకు వేస్తే మాత్రం ముందుకు తూలుతాం.

ఉపాధ్యాయులకు ఒక విన్నపం. సూత్రాలు బోర్డు మీద రాసే ముందు పిల్లల్ని మైదానానికి తీసుకెళ్లండి. 20 మీటర్లకో సున్నపు గీత గీసి, గీతకొకరి చేతికి స్టాప్‌వాచ్ ఇచ్చి, ఒకరిని పరుగెత్తించండి. తేడాలు వాళ్లనే తీయనివ్వండి.