దగ్గే కదా అని వదిలేస్తే ఊపిరికే ముప్పు

శ్రీకాకుళం: చుట్ట కాల్చే తాత, అడ్డపొగ తాగే అవ్వ, కట్టెల పొయ్యి ఊదే ఇల్లాలు తెల్లవారగానే కళ్లె తెగేదాకా దగ్గుతుంటే పల్లెల్లో ఎవరూ పట్టించుకోరు. వయసు మీద పడిందని సరిపెట్టుకుంటారు. ఏడాదికి మూడు నెలల చొప్పున వరుసగా రెండేళ్లు ఇలాంటి దగ్గు ఉండి, క్షయ వంటి మరో కారణం లేదని తేలితే అది దీర్ఘకాలిక బ్రాంకైటిస్.

ఈ జబ్బు ముదిరితే శ్వాసనాళాలు వాచి, కళ్లెతో ఇరుకవుతాయి. గాలి లోపలికి పోవడం కంటే బయటికి రావడమే కష్టం. పాత గాలి నిలిచిపోతే కొత్త గాలికి చోటేది? దీన్ని కొలిచేది స్పైరోమీటరు. గుండెల నిండా పీల్చి ఒక్క ఊపున గొట్టంలోకి ఊదాలి. ఊదిన మొత్తంలో మొదటి సెకనులో వచ్చేది 70 శాతం లోపు ఉండి, పీల్చే మందు ఇచ్చాక కూడా అంతే ఉంటే నాళాలు ఇరుకైనట్టే. ఎక్స్‌రే ఒక్కటే దీన్ని తేల్చలేదు. చుట్ట మానితే పోయిన ఊపిరి తిరిగి రాదు గాని, తరుగుదల నెమ్మదిస్తుంది.

రక్తంలోని వాయువుల లెక్క వేరు. ఇందుకు రక్తాన్ని మణికట్టు వద్ద నాడి చూసే ధమని నుంచి తీస్తారు. మామూలుగా ఆక్సిజన్ పీడనం 80 నుంచి 100, బొగ్గుపులుసు వాయువు 35 నుంచి 45 మిల్లీమీటర్లు ఉంటుంది. 2020 కరోనా నాటి నుంచి చాలా ఇళ్లకు చేరిన వేలి మీటరు ఆక్సిజన్ సంగతే చెబుతుంది, రెండోది చెప్పదు. చిక్కంతా ఇక్కడే.

ఆక్సిజన్ బాగా పడిపోతే పెదాలు, గోళ్లు నీలిరంగుకు తిరుగుతాయి. బొగ్గుపులుసు వాయువు పేరుకుంటే పొద్దున్నే తలనొప్పి, పగలంతా మత్తు. మనిషి హాయిగా నిద్రపోతున్నాడని ఇంట్లోవారు సంతోషించడం కద్దు!

ఆయాసం పెరగగానే సిలిండరు వాల్వు పూర్తిగా తిప్పేయడం మరో పొరపాటు. ఈ రోగుల్లో కొందరికి ఆక్సిజన్ మోతాదు మించితే బొగ్గుపులుసు వాయువు ఇంకా పెరిగి స్పృహ తప్పవచ్చు. అందుకే ఇలాంటివారికి వేలి మీటరులో 88 నుంచి 92 చాలని వైద్యశాస్త్రం చెబుతోంది. 98 కోసం పట్టుబట్టరాదు. అలాగని అవసరమైనవారికి ఆక్సిజన్ ఆపడమూ ప్రమాదమే. పీడనం నిలకడగా 55కు మించనివారు రోజుకు 15 గంటలకు తగ్గకుండా తీసుకుంటే ఆయుష్షు పెరుగుతుందని 1980, 1981లలో అమెరికా, బ్రిటన్‌ల నుంచి వెలువడిన పరిశోధనలు తేల్చాయి. ఆ సిలిండరు పక్కన చుట్ట వెలిగిస్తే మాత్రం ఇల్లే అంటుకోవచ్చు.

రోగిని 108 వాహనం ఎక్కించేటప్పుడు పాత పరీక్షల చీటీలు వెంట ఉంచుకోవాలి. జబ్బు పేరు సిబ్బందికి ముందే చెబితే ఆక్సిజన్ ఎంత పెట్టాలో వారు చూసుకుంటారు.