నాలుగు గిటార్ కార్డ్‌లు, ఆరు మార్పులు

గిటార్ కొనడం తేలిక. దాన్ని మొదటి ఏడాది దాటించడమే కష్టం. ఈ మాట గిటార్లు అమ్మేవాళ్ళే ఒప్పుకున్నారు. కొత్తగా గిటార్ పట్టినవాళ్ళలో 90 శాతం మంది ఏడాది తిరక్కుండానే వదిలేస్తారని ఫెండర్ కంపెనీ సీఈవో హోదాలో ఆండీ మూనీ ఇంటర్వ్యూల్లో చెప్పాడు. ఆ కంపెనీ 2017లో ఫెండర్ ప్లే పేరుతో ఆన్‌లైన్ పాఠాలు మొదలుపెట్టింది కూడా ఇలాంటి వాళ్ళను నిలబెట్టుకోవడానికే. మన సాఫ్ట్‌వేర్ మిత్రుల ఇళ్ళలో బీరువా పక్కన నల్లసంచీలో నిలబడి ఉండే గిటార్లు చూసినవారికి ఈ లెక్క మీద పెద్దగా అనుమానం రాదు.

నేనుండేది సింగపూర్‌లోని హౌగాంగ్‌లో, ఒక హెచ్‌డీబీ ఫ్లాట్‌లో. ఆఫీసు, పిల్లల చదువు, అవతలి ఖండంతో రాత్రి కాన్ఫరెన్స్ కాల్స్, అన్నీ పోగా రోజుకు మిగిలేది ఇరవై నిమిషాలు. అదీ పక్కింటివాళ్ళు పడుకునే వేళకి. ఆ ఇరవై నిమిషాల్లో ఏం నేర్చుకుంటే గిటార్ చేతిలో నిలుస్తుంది అన్నదే ఈ వ్యాసం.

కార్డ్ అంటే

జేబులో పెట్టుకునే కార్డు కాదు. కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగితే అది కార్డ్. చిన్నప్పుడు సరళీ స్వరాలు పాడినవాళ్ళు మాయామాళవగౌళలో స, గ, ప గుర్తు తెచ్చుకోండి. అంతర గాంధారంతో ఆ మూడూ ఒకేసారి మోగితే మేజర్ కార్డ్. అదే గాంధారాన్ని ఒక మెట్టు దించి సాధారణ గాంధారం చేస్తే మైనర్ కార్డ్. మన సంగీతంలో ఈ స్వరాలు వరుసగా వస్తాయి, గమకాలతో ఊగుతాయి. గిటార్ వాటిని ఒకదానిమీద ఒకటి పేర్చి నిలబెడుతుంది. మన సినిమా పాటకు ఈ పేర్పు కొత్తేమీ కాదు. 'గీతాంజలి' (1989) పాటలు కట్టిన ఇళయరాజా, లండన్ ట్రినిటీ కాలేజీ వారి క్లాసికల్ గిటార్ పరీక్షలో బంగారు పతకం తెచ్చుకున్న మనిషి.

వీణకు మెట్లున్నట్టే గిటార్‌కు ఫ్రెట్లు. ఒక్కో ఫ్రెట్ దాటినప్పుడల్లా ధ్వని పౌనఃపున్యం సుమారు 1.0595 రెట్లవుతుంది. ఆ సంఖ్యను పన్నెండుసార్లు హెచ్చవేస్తే సరిగ్గా రెండు, అంటే పై స్థాయి షడ్జమం. ఈ సర్దుబాటు వల్ల గిటార్ గాంధారం తంబురాలో వినిపించే గాంధారం కన్నా కాస్త ఎక్కువ పలుకుతుంది: 1.25 బదులు 1.26. శ్రుతికి అలవాటుపడిన చెవికి మొదట ఇది కొద్దిగా గుచ్చుకోవచ్చు. గిటార్ చెడిపోయిందని కంగారు పడకండి.

ఆరు అంకెల పాస్‌వర్డ్

లావు తీగనుంచి సన్న తీగ వరకు ఆరు తీగలకు ఆరు అంకెలు వేసుకుంటే ఏ కార్డ్‌నైనా రాయొచ్చు. అంకె అంటే నొక్కాల్సిన ఫ్రెట్, సున్నా అంటే ఖాళీ తీగ, × అంటే ఆ తీగ వాయించకూడదు.

జి: 320033
సి: ×32010
డి: ××0232
ఇ మైనర్: 022000

ఈ నాలుగింటితో మొదలుపెట్టమని నా సలహా. నాలుగూ ఒకే కుటుంబానికి, అంటే జి స్కేలుకు చెందినవి. వీటితో అల్లగలిగిన పాటలు కొల్లలు. మీ గొంతు శ్రుతికి జి సరిపోకపోతే కాపో అనే చిన్న బిగింపు కొనుక్కోండి. దాన్ని రెండో ఫ్రెట్ మీద బిగిస్తే, వేళ్ళు అవే ఆకారాలు పడుతుంటే, పాట ఎ శ్రుతికి జరుగుతుంది.

ఈ ఇరవై నాలుగు గుర్తులు బట్టీ పట్టడానికి మనకు ఒక సాయంత్రం చాలు. చిక్కంతా అక్కడే ఉంది. మనకు తెలిసిపోయింది, వేళ్ళకు తెలియలేదు.

అసలు పాఠం మార్పులదే

పాట ఆగేది కార్డ్ దగ్గర కాదు, ఒక కార్డ్ నుంచి ఇంకోదానికి వెళ్ళే దారిలో. నాలుగు కార్డ్‌లకు జంటలు ఆరు. ఎనిమిది కార్డ్‌లయితే జంటలు ఇరవై ఎనిమిది. వారానికో కొత్త కార్డ్ నేర్చుకుంటూ పోయేవారికి రెండు నెలల్లో ఏదీ పట్టుబడనట్టు ఎందుకనిపిస్తుందో ఈ లెక్క చెబుతుంది. కార్డ్‌లు రెట్టింపయితే పని నాలుగు రెట్లు దాటిపోతుంది.

మనం రోజూ కోడ్‌లో రెండు వెర్షన్ల మధ్య తేడా చూస్తాం కదా, కార్డ్‌లకూ అదే చేయండి. ఏ వేలు కదలాలి అని కాకుండా, ఏ వేలు కదలక్కర్లేదు అని వెతకండి. పై జి పట్టులో చూపుడు వేలు ఐదో తీగ రెండో ఫ్రెట్ మీద, మధ్యవేలు ఆరో తీగ మీద, ఉంగరపు వేలు రెండో తీగ మూడో ఫ్రెట్ మీద, చిటికెన వేలు ఒకటో తీగ మీద ఉంటాయి. అక్కడినుంచి డికి వెళ్ళేటప్పుడు ఉంగరపు వేలు ఉన్నచోటే ఉంటుంది. జి నుంచి ఇ మైనర్‌కు వెళ్ళేటప్పుడు చూపుడు వేలు కదలదు. సి నుంచి ఇ మైనర్‌కు అయితే నాలుగో తీగ మీది మధ్యవేలు నిలిచిపోతుంది. అంటే ఆరు జంటల్లో మూడింటికి ఒక లంగరు ఉంది. లంగరు లేనివి జి–సి, సి–డి, డి–ఇ మైనర్. మీ ఇరవై నిమిషాల్లో ఎక్కువ భాగం ఈ మూడింటికే ఇవ్వండి.

దీన్ని కొలవడానికి మంచి పద్ధతి ఒకటుంది. 2003 నుంచి ఇంటర్నెట్‌లో ఉచితంగా గిటార్ నేర్పుతున్న జస్టిన్ శాండర్‌కో దీన్ని 'ఒక్క నిమిషం మార్పులు' అంటాడు. ఫోన్‌లో నిమిషం టైమర్ పెట్టి, ఒకే జంట మధ్య ఎన్నిసార్లు మారగలిగారో లెక్కపెట్టి రాసుకోవడమే. ఆయన చెప్పే గమ్యం అరవై. కానీ అంతవరకు పాట ఆపనక్కర్లేదు. నిమిషానికి 80 దెబ్బల పాటలో నాలుగు దెబ్బలకో కార్డ్ మారితే, కావలసింది నిమిషానికి ఇరవై మార్పులే. నా నోటుపుస్తకంలో జి–సి జంట మొదటి వారం ఎనిమిది, ఐదో వారానికి ఇరవై రెండు. ఆ ఇరవై దాటిన రోజే ఇంట్లోవాళ్ళు అది ఏ పాటో గుర్తుపట్టారు.

చప్పుడు లేని సాధన

హెచ్‌డీబీ ఫ్లాట్లలో రాత్రి పదిన్నర దాటాక చప్పుడు చేయకపోవడం మర్యాద. మనకు తీరిక దొరికేది అప్పుడే. ఇక్కడే ఒక అదృష్టం ఉంది: అన్నిటికన్నా ఎక్కువ సాధన కావలసిన పనికి చప్పుడే లేదు. మార్పులు ఎడమచేతి పని. కుడిచేయి మీటకుండా, ఎడమచేత్తో నొక్కడం, వదలడం, మళ్ళీ నొక్కడం ఎంతసేపైనా చేయొచ్చు. నాలుగైదు మార్పులకోసారి బొటనవేలి కండతో మెల్లగా నిమిరి అన్ని తీగలూ పలుకుతున్నాయో లేదో చూసుకుంటే చాలు. కుడిచేతి తాళం శనివారం మధ్యాహ్నానికి ఉంచుకోండి. అప్పుడు మాత్రం ఒక్కటే నియమం: ఎడమచేయి ఆలస్యమైనా కుడిచేయి ఆగకూడదు.

తేమ, శ్రుతి

శ్రుతి చేయడానికి ఫోన్‌లో ఉచిత యాప్ చాలు. లావు తీగనుంచి ఆరు తీగలూ 82.4, 110, 146.8, 196, 246.9, 329.6 హెర్ట్జ్ పలకాలి. కింద రోడ్డు, పక్క గదిలో టీవీ ఉన్న ఇళ్ళకు గిటార్ తలకు తగిలించే క్లిప్ ట్యూనర్ మేలు. అది గాలిలో శబ్దాన్ని కాక చెక్క కంపనాన్ని పట్టుకుంటుంది.

సింగపూర్ గాలిలో తేమ సగటున 80 శాతం పైనే. చెక్క గిటార్‌కు నప్పేది 50 శాతం దరిదాపు. తేమ పీల్చి పైచెక్క ఉబ్బితే తీగలు ఫ్రెట్లకు దూరమై నొక్కడం కష్టమవుతుంది. కొత్తవాళ్ళు అది తమ వేళ్ళ బలహీనత అనుకుంటారు. సంచీలో సిలికా జెల్ పొట్లాలు, ఒక చిన్న తేమ మీటరు పెట్టండి. ఏడాదికోసారి షాపులో తీగల ఎత్తు సరిచేయించండి. చెన్నై, విశాఖ వాళ్ళకూ ఇదే వర్తిస్తుంది.

చాలామంది చేతులెత్తేసే చోటు ఎఫ్ కార్డ్. చూపుడు వేలితో ఆరు తీగలూ అడ్డంగా నొక్కాలి, అదీ తీగలు అన్నిటికన్నా బిగువుగా ఉండే మొదటి ఫ్రెట్ దగ్గర. జి కుటుంబంలో ఎఫ్ అవసరమే రాదు కనుక మొదటి మూడు నెలలు దాని జోలికి వెళ్ళకండి. ఏదైనా పాట తప్పక అడిగితే ××3210 తో సరిపెట్టండి.

మనలో చాలామందికి కొత్త విషయం అర్థమయితే వచ్చేసినట్టే లెక్క. గిటార్ ఆ లెక్క ఒప్పుకోదు. ఆరు జంటలు, రోజుకు ఇరవై నిమిషాలు, ఒక నోటుపుస్తకం. ఈ రాత్రి ఆ నల్లసంచీ జిప్పు తీసి, జి–సి మధ్య నిమిషానికి ఎన్ని మార్పులో లెక్కపెట్టి రాసుకోండి. అంకె చిన్నదైనా ఫరవాలేదు, పై వారం దాన్ని దాటితే చాలు.