విమానమెక్కని వంటలు

రావిర్యాల మీదుగా విమానం వెళ్తుంటే తలెత్తి చూసేవాళ్లు ఇప్పుడు తక్కువే. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది. ఆ తర్వాత మహేశ్వరం మండలంలోని ఈ ఊరి చుట్టూ చాలానే వచ్చాయి. పక్కనుంచే ఔటర్ రింగు రోడ్డు, 2016లో వండర్‌లా, 2023లో విజయ డెయిరీ భారీ ప్లాంటు. ఔటర్ మీద విమానాశ్రయానికి పరుగులు తీసే కార్లను చూడండి. డిక్కీలో పెద్ద పెద్ద సూట్‌కేసులు. వాటిల్లో బట్టలు సగమే! మిగతా సగం సకినాలు, మురుకులు, గరిజెలు, అరిసెలు, మామిడికాయ తొక్కు. పెట్టె 23 కిలోలు దాటకూడదు కాబట్టి ఇంట్లో తూకం వేసేటప్పుడు జీన్సు ప్యాంటు బయటికొస్తుంది గానీ సకినాల డబ్బా రాదు.

బాగానే ఉంది. మరి సర్వపిండి సంగతేంటి? పచ్చిపులుసు, జొన్నరొట్టె? అవి ఏ పెట్టెలోనూ పట్టవు. పట్టినా దిగేసరికి అవి అవి కావు.

మన ఇంటి వంటల్లో ఇలా రెండు జాతులున్నాయి. ప్రయాణం చేసేవి, చేయలేనివి. మొదటి జాతికి వచ్చిన భయమేమీ లేదు. సకినాలనే తీసుకోండి. సంక్రాంతికి కొత్త బియ్యం నానబెట్టి, వడగట్టి, తడి ఆరకముందే పిండి పట్టించి, నువ్వులు, వాము, ఉప్పు కలుపుతారు. పరిచిన తెల్లబట్ట మీద వేళ్ల మధ్య పిండిని మెలితిప్పుతూ చుట్లు చుడతారు. బట్ట ఎందుకంటే, పిండిలోని అదనపు తడిని అది పీల్చుకోవాలి. లేకపోతే నూనెలో వేయడానికి తీసేటప్పుడే చుట్టు విడిపోతుంది. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు కాబట్టి వాడకట్టు ఆడవాళ్లంతా ఒక ఇంట్లో చేరేవారు. ఇప్పుడు ఆ చేరడం తగ్గింది. అయినా సకినం చావలేదు. స్వగృహ దుకాణాలు దాన్ని ఏడాది పొడవునా నిలబెట్టాయి. తేమ లేదు, వారాలపాటు నిల్వ ఉంటుంది, ప్యాకెట్లో కూర్చుంటుంది. ఇంకేం కావాలి వ్యాపారానికి?

జొన్నరొట్టెది వేరే కథ. వాన మీద ఆధారపడ్డ ఈ ప్రాంతపు చేలల్లో జొన్నే రోజూ తిండి. బోర్లు వచ్చి, 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చి, అన్నం రోజువారీ అయింది. రొట్టె వెనక్కి జరిగింది. జొన్నపిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు. అందుకే మరిగిన నీళ్లు పోసి కలపాలి, కర్రతో ఒత్తకుండా చేత్తో తట్టాలి, పెనం మీద వేశాక పైన తడి చెయ్యి రాయాలి. పిండి పాతబడితే అంచులు పగులుతాయి. ఇంత పని ఎవరు చేస్తారని వదిలేసిన రొట్టె షుగరు పుణ్యమా అని తిరిగొచ్చింది! సాయంత్రమైతే హైదరాబాద్ రోడ్ల పక్కన పొయ్యి పెట్టి వేడివేడిగా కాల్చి ఇస్తున్నారు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిందని తెలిసినా తెలియకపోయినా, ఆ పొయ్యిల ముందు జనం ఆగుతున్నారు.

అసలు చిక్కు సర్వపిండికే. దుకాణమూ కాపాడలేదు, రోడ్డు పక్కన పొయ్యీ కాపాడలేదు. కొన్నిచోట్ల అమ్ముతారు, కాదనం. కానీ చల్లారిన సర్వపిండి తిని ‘ఓస్, ఇంతేనా’ అనుకున్నవాళ్లది తప్పు కాదు.

సర్వ అంటే గిన్నె. గిన్నెలో చేస్తారు కాబట్టి సర్వపిండి. కొన్ని ఊళ్లలో గిన్నప్ప, కొన్నిచోట్ల తపాల చెక్క. రెండు గ్లాసుల బియ్యప్పిండికి గంటసేపు నానిన శనగపప్పు గుప్పెడు, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు గుప్పెడు, రెండు చెంచాల నువ్వులు. పచ్చిమిర్చి, వెల్లుల్లి, జీలకర్ర కలిపి నూరిన ముద్ద. ఉల్లికాడలు దొరికితే సన్నగా తరిగి వేయండి, రుచే మారిపోతుంది. కరివేపాకు, కొత్తిమీర, ఉప్పు సరేసరి. గోరువెచ్చని నీళ్లతో రొట్టెల పిండికన్నా కాస్త మెత్తగా కలపాలి.

ఇప్పుడే అసలు పని. అడుగు మందంగా ఉన్న గిన్నెకు నూనె రాసి, పిండిముద్దను లోపల అద్దుతూ, అడుగు నుంచి పక్కలకు కొంచెం పైదాకా పల్చగా పరవాలి. వేలితో అక్కడక్కడా చిల్లులు పెట్టి, ఒక్కోదాంట్లో రెండు చుక్కల నూనె. మూతపెట్టి సన్నని సెగ మీద పదీ పదిహేను నిమిషాలు. తిప్పేది లేదు. అందుకే కింద కరకర, పైన మెత్తన. చిల్లుల దగ్గర నూనె చిటపటలాడి, కమ్మటి వాసన వీధిలోకి వస్తే అయినట్టే.

అయితే మొదటిది తీశాక గిన్నె కాలిపోతుంటుంది. వేడి గిన్నెలో చెయ్యి పెట్టి పిండి ఎలా పరుస్తారు? గిన్నెను బోర్లించి అడుగు మీద చన్నీళ్లు పోస్తారు, తుడిచి మళ్లీ మొదలుపెడతారు. లేదంటే రెండు గిన్నెలు మార్చి మార్చి వాడతారు. ఎలా చూసినా ఒకసారికి ఒకటే. నలుగురున్న ఇంట్లో నాలుగోవాడి వంతు వచ్చేసరికి మొదటివాడికి మళ్లీ ఆకలేస్తుంది. ఏ వ్యాపారి ఇంత ఓపిక పడతాడు? ఏ హోటలు ఒక్కో ముక్కకు పావుగంట ఇస్తుంది? ఇళ్లలో చేయడం మానేస్తే దీన్ని పట్టించుకునే మరో దిక్కు లేదు.

వంటల పుస్తకాలు, యూట్యూబ్ వీడియోలు ఉన్నాయి కదా అంటారా? కొలతలు చెబుతాయి, నిజమే. ఎంత పల్చగా పరవాలన్నది మాత్రం వేళ్లకు తెలియాలి. మందమైతే లోపల పచ్చి, మరీ పల్చనైతే మాడు. అమెరికాలో ఉన్న కూతురికి సకినాలు పంపడం తేలిక, సర్వపిండి పంపాలంటే చెయ్యి నేర్పి పంపాలి. సెలవులకు వచ్చినప్పుడు షాపింగుకు నాలుగు రోజులు పోతాయి కదా, ఒక సాయంత్రం వంటింట్లో పిండి ఆమె చేతికే ఇవ్వండి. మొదటిది మాడుతుంది, పరవాలేదు. కొడుకైతే మాత్రం వదిలేయడం ఎందుకు? అక్కడ ఆకలి అతనికీ వేస్తుంది.

అన్నట్టు పచ్చిపులుసుకు అంత కష్టం కూడా లేదు. చింతపండు నానబెట్టి పిసికి, పల్చగా నీళ్లు కలిపి, నిప్పుల మీద కాల్చిన మిరపకాయలు, ఉప్పుతో పిసికిన ఉల్లిగడ్డ ముక్కలు, వేయించి దంచిన నువ్వుల పొడి, చిన్న బెల్లం ముక్క. పైన పోపు. పులుసును మరిగించేది లేదు. ఎండాకాలం మధ్యాహ్నం ముద్దపప్పుతో కలిపి తిని చూడండి. గ్యాసు పొయ్యి మీదైతే మిరపకాయను పటకారుతో పట్టుకొని కాల్చండి. కిటికీ తెరవడం మరచిపోకండి, ఆ ఘాటుకు ఇంటిల్లిపాదీ తుమ్ములే.