మురుగునీరు – పైరుపొలము

పట్టణము మంచినీరు త్రాగి మురుగునీరు విడుచును. పల్లె ఆ మురుగునే పైరునకు పెట్టి, పట్టణమునకు బియ్యమును, కూరలను, పాలను పంపును. ఈ ఇచ్చిపుచ్చుకొనుటలో పల్లె తన ధర్మమును నెరవేర్చుచునే యున్నది. పట్టణము తన ధర్మమును నెరవేర్చుచున్నదా యని మనము ఆలోచింపవలసియున్నది.

ఇందులకు దూరదేశముల నిదర్శనములు అక్కఱలేదు. మూసీనది మన కన్నులయెదుటనే యున్నది. అనంతగిరి కొండలలో పుట్టి, హైదరాబాదు నడుమగా పాఱి, వాడపల్లి కడ కృష్ణలో కలియు ఈ నదిలో పూర్వము వేసవినాటికి నీరు స్వల్పముగనే యుండెడిది. నగరమునకు నీరొసగుటకై 1920లో ఉస్మాన్‌సాగరమును, 1927లో హిమాయత్‌సాగరమును పూర్తియైనవి. జనము పెరిగినకొలది మంజీర నుండియు, కృష్ణ నుండియు నీరు తేబడెను. ఆ నీరంతయు ఇండ్లలో వాడబడి, మురుగై మూసీలో పడుటచే నది వేసవియందును ఎండుట మానెను. దిగువ గ్రామముల రైతులు కత్వల మూలమున ఆ నీటిని కాలువలకు మరల్చి వరిని, ఆకుకూరలను, పాడిపశువులకు పారాగడ్డిని పండింపసాగిరి.

రైతు అజ్ఞానముచే ఈ నీటిని వాడుచున్నాడనుట తప్పు. అది ఏడాది పొడవున దొరకును. అందు నత్రజనియు, భాస్వరమును ఉండుటచే ఎరువుల ఖర్చు తగ్గును. అయితే లాభము వెంట నష్టమును కలదు. హైదరాబాదు ప్రాంతమున మురుగుతో సేద్యము చేయు కుటుంబములను పరీక్షించి 2008లో ప్రకటించిన పరిశోధనలో, వారికి కొంకిపురుగు, ఏలికపాము మొదలగు ప్రేవుల పురుగులు హెచ్చుగా సోకుచున్నట్లు తేలినది. ఆ బురదలో వట్టికాళ్లతో నిలిచి నాటువేయునది, కలుపుతీయునది ఎవరు? కూలిస్త్రీ. ఫలము భూమిగలవానిది, కూర పట్టణవాసిది, రోగము ఆమెది. ఇది ఏపాటి న్యాయము?

విశేషమేమనగా, ఈ చిక్కునకు ఉపాయమును మూసీయే చూపుచున్నది. 2010లో వెలువడిన మఱియొక పరిశోధన ప్రకారము, నగరము దాటిన పిమ్మట సుమారు 40 కిలోమీటర్ల దూరములో, కత్వల వెనుక నీరు నిలిచి తేరుటచే, పురుగుల గ్రుడ్లు అడుగునకు దిగిపోయి దాదాపు లేకుండపోయెను. రోగక్రిములును మిక్కిలి తగ్గెను. అనగా నది తన్ను తాను బాగుచేసికొనుచున్నది. కాని ఆ మేలు చివరి గ్రామముల వారికే. నగరమును ఆనుకొనియున్న గ్రామముల వారి మాట ఏమి? నది అంత దూరములో చేయు పనిని పొలమునకు ఎగువనే, చిన్నచోటులో చేయించుటయే కృత్రిమమైన చిత్తడినేలల పద్ధతి.

దాని నిర్మాణము సులభము. ముందుగా మురుగును తొట్టిలో నిలిపి మడ్డిని దింపుదురు. పైతేటను, నీరింకకుండ అడుగు గట్టిచేసిన గులకఱాళ్ల మడిలోనికి విడుతురు. మడిలో జమ్మును, కిక్కిసను, మెట్టతామరను నాటుదురు. నీరు పైకి కనబడక ఱాళ్ల నడుమ మెల్లగా సాగును; కావున దోమలకు తావుండదు. ఱాళ్లను, వేళ్లను అంటియుండు సూక్ష్మజీవులు మురికిని తినివేయును. మొక్కల కాడలగుండ దిగు ప్రాణవాయువు వాటికి కొంత తోడ్పడును. నేల వాలుగా నున్నచో యంత్రముతోను, విద్యుత్తుతోను పనిలేదు.

1950వ దశకమున జర్మనీలో కేటే సైడెల్ అను శాస్త్రజ్ఞురాలు నీటిమొక్కలతో ఇట్టి పరీక్షలకు పూనుకొనెను. మన దేశమున, ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ రోజునకు 22 లక్షల లీటర్ల మురుగును జమ్ముమడులలో శుద్ధిచేసి తన పొలములకు పెట్టు ఏర్పాటు కావించుకొన్నది. పటాన్‌చెరువునందలి ఇక్రిశాట్ క్షేత్రములోను శాస్త్రజ్ఞులు ఇట్టి మడులను కట్టి పరీక్షించిరి.

ఈ పద్ధతికిని మేరలు గలవు. అది నీటిలోని ఉప్పును తీయజాలదు. కర్మాగారముల లోహములు మడిలో పేరుకొనునే గాని నశింపవు. కావున ఆ మురుగును ఇంటి మురుగుతో కలియనీయరాదు. మడ్డిని ఎప్పటికప్పుడు తీయనిచో ఱాళ్ల సందులు పూడి మడి చెడును. రోగక్రిములు తగ్గినను బొత్తిగా పోవు. పచ్చిగా తిను కూరలకు ఈ నీరు పెట్టుటకు ముందు పరీక్ష చేయింపవలయును. మహానగరపు మురుగునంతయు ఇట్లు శుద్ధిచేయుటకు చోటు చాలదు. అచ్చట పెద్ద యంత్రాగారములే శరణ్యము.

పల్లెలకు, చిన్న పట్టణములకు మాత్రము ఇది తగిన ఉపాయము. మనవంటి ఉష్ణదేశములలో మనిషి యొకనికి 1 లేక 2 చదరపు మీటర్ల మడి చాలునని నిపుణుల లెక్క. వేయిమంది గల గ్రామమునకు పావు ఎకరము నుండి అర ఎకరము చాలునన్నమాట. ఊరి మురుగు ఎట్లును ఊరి దిగువ కుంటలోనికే చేరుచున్నది; ఆ కుంటకు ఎగువనే మడి కట్టవచ్చును.

నీటి కాలుష్య నివారణ చట్టము పుట్టి 1974 నుండి ఇన్నేండ్లు గడచినవి. చట్టము కాగితముపై నుండగా మురుగు కాలువలో పాఱుచున్నది. పన్ను కట్టు పట్టణవాసి తన మురుగు ఎచ్చటికి పోవుచున్నదో పురపాలక సంఘమును అడుగవలయును. భూమిగల రైతు ఊరి దిగువ అర ఎకరము విడుచుటకు వెనుదీయరాదు. మన అన్నము కొఱకు బురదలో దిగు కాళ్లకు శుభ్రమైన నీటిని సమకూర్చుట దయ గాదు, బాకీ తీర్చుట.