సంచి పొట్టకే... బతుక్కి కాదు!

స్టోమా ఆపరేషన్ తర్వాతా మామూలు జీవితం సాధ్యమే
సిగ్గుతో దాచుకుంటేనే అసలు కష్టం

పెద్దపేగు చివర క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్ చేస్తే బతుకుతారన్నారు. అంతవరకూ ధైర్యంగానే ఉన్న మనిషి ‘ఇకపై మలం పొట్ట మీది సంచిలోకి వస్తుంది’ అనగానే కుదేలైపోతాడు. కొందరు ఆపరేషనే వద్దని ఇంటికి వచ్చేస్తారు. నాటుమందులు వాడి, జబ్బు ముదిరాక మళ్లీ అదే ఆసుపత్రి మెట్లెక్కుతారు. మరికొందరు ఆపరేషన్ చేయించుకున్నా గడప దాటరు. పెళ్లిళ్లకు పోరు, పనికి పోరు, చుట్టాలొస్తే గదిలోంచి బయటికి రారు. ప్రాణం నిలిపిన ఆపరేషనే శిక్షలా మారుతుంది.

సరిహద్దు దాటి స్థిరపడిన తెలుగువారికి మరో చిక్కుంది. బళ్లారి, సింధనూరు వాళ్లు బెంగళూరుకు పోతారు. హోసూరు వాళ్లు వేలూరుకు, షోలాపూర్ వాళ్లు ముంబయికి వెళ్తారు. డిశ్చార్జి రోజున నర్సు కన్నడంలోనో, తమిళంలోనో, మరాఠీలోనో చెప్పే జాగ్రత్తలు పేషెంటుకు సగమే అర్థమవుతాయి. మిగతా సగం ఇంటికొచ్చాక తిప్పలు పెడుతుంది.

ఏమిటీ స్టోమా?

గ్రీకు భాషలో స్టోమా అంటే నోరు. పేగు చివరను పొట్ట మీదికి తెచ్చి కుట్టే ద్వారమే ఇది. పెద్దపేగుతో చేస్తే కొలాస్టమీ, చిన్నపేగుతో చేస్తే ఇలియాస్టమీ. మూత్రం కోసం పెట్టేది యూరోస్టమీ. క్యాన్సర్‌కే కాదు... టైఫాయిడ్ ముదిరి పేగుకు చిల్లు పడినా, ప్రమాదంలో పేగు దెబ్బతిన్నా, మలద్వారం లేకుండా బిడ్డ పుట్టినా పెడతారు. కొందరికిది తాత్కాలికమే. కొన్ని నెలలాగి మళ్లీ లోపల కలిపేస్తారు. ఇంకొందరికి జీవితాంతం ఉంటుంది.

ఆరోగ్యంగా ఉన్న స్టోమా నోటి లోపలి చర్మంలా ఎర్రగా, తడిగా ఉంటుంది. ముట్టుకుంటే నొప్పి తెలియదు. తుడిచినప్పుడు చుక్క రక్తం కనిపిస్తే కంగారు పడక్కర్లేదు.

చర్మం బాగుంటే అన్నీ బాగుంటాయి

ఎక్కువమందిని ఏడిపించేది స్టోమా చుట్టూ పుండు పడటం. రంధ్రం పెద్దగా కత్తిరిస్తే మలం చర్మానికి తగిలి కాలుస్తుంది. స్టోమా సైజు కంటే 2, 3 మిల్లీమీటర్లు మాత్రమే ఎక్కువ ఉండాలి. ఆపరేషనైన మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాల్లో స్టోమా కుదించుకుపోతుంది. అందుకే ప్రతిసారీ కొలిచి కత్తిరించుకోవాలి.

- చుట్టూ మామూలు నీళ్లతో కడిగి, మెత్తగా అద్ది ఆరనివ్వాలి. కొబ్బరినూనె, ముఖానికి రాసే పౌడరు వద్దు. ప్లేటు అంటుకోదు.
- బ్యాగు మూడో వంతు నుంచి సగం నిండగానే ఖాళీ చేయాలి. బరువెక్కితే ఊడుతుంది.
- పొద్దున పరగడుపున మార్చుకుంటే తేలిక. ఆ వేళ పేగు కాస్త నెమ్మదిగా ఉంటుంది.
- వాడిన బ్యాగును ఖాళీ చేసి, కాగితంలో చుట్టి కవరులో వేసి చెత్తలో పారేయాలి. మరుగుదొడ్డిలో వేయకూడదు.

బ్యాగుతో స్నానం చేయవచ్చు. సరిగ్గా అతికించుకుంటే వాసన బయటికి రాదు.

తిండి మాటేమిటి?

ఆపరేషన్ తర్వాత మెత్తటి తిండితో మొదలుపెట్టి ఒక్కొక్కటే కలుపుకుంటూ రావాలి. ఉల్లి, క్యాబేజీ, సోడాలు గ్యాసు పెంచుతాయి. గుడ్డు, చేపలతో వాసన ఎక్కువ కావచ్చు. పెరుగు, మజ్జిగ చాలామందికి మేలు చేస్తాయి. ఇలియాస్టమీ ఉన్నవారు మాత్రం కొబ్బరి, మొక్కజొన్న, మునక్కాడ, పీచు మామిడితో జాగ్రత్త పడాలి. నమలకుండా మింగితే పేగుకు అడ్డం పడవచ్చు.

ఇలియాస్టమీలో నీళ్లతోపాటు ఉప్పూ పోతుంది. వట్టి నీళ్లు ఎన్ని తాగినా ఆ లోటు తీరదు. లీటరు నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగాలి. చెంచా కొలత సమంగా ఉండాలి. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవారు ముందు డాక్టరునడగాలి. నెమ్మదిగా కరిగే మాత్రలు కొన్ని కరగకుండానే బ్యాగులోకి వచ్చేస్తాయి. అందుకే ఏ జబ్బుకు వెళ్లినా స్టోమా ఉందని చెప్పాలి.

పని మానక్కర్లేదు

ఆరు నుంచి ఎనిమిది వారాలు బరువులు ఎత్తకూడదు. నడక మాత్రం ఆసుపత్రిలో ఉండగానే మొదలెట్టాలి. తర్వాత డాక్టరు సరేనంటే బళ్లారి జీన్సు కుట్టేవారు మిషను ముందు, షోలాపూర్, బరంపురం నేతన్నలు మగ్గం ముందు మళ్లీ కూర్చోవచ్చు. బస్తాలు మోసేవారే ఆలోచించుకోవాలి. స్టోమా పక్కన హెర్నియా వచ్చే ప్రమాదముంది. బెల్టు కట్టుకోవాలి, వీలైతే తేలిక పనికి మారాలి. ఎండలో పొలం పనికి పోయేవారు చక్కెర, ఉప్పు కలిపిన నీళ్ల సీసా వెంట ఉంచుకోవాలి.

అమెరికా ఫుట్‌బాల్ ఆటగాడు రోల్ఫ్ బెనిర్ష్కె 1979లో పేగుజబ్బుతో చావు అంచుకు వెళ్లాడు. స్టోమాతోనే 1980లో మైదానంలోకి దిగాడు. ఫ్రెంచి చిత్రకారుడు హెన్రీ మాటిస్‌కు 1941లో కొలాస్టమీ చేశారు. కాగితాలు కత్తిరించి చేసిన ఆయన ప్రసిద్ధ చిత్రాల్లో ఎక్కువ భాగం ఆ తర్వాతివే.

ఇంట్లోవాళ్లదే సగం వైద్యం

‘అంటు’ అని పళ్లెం వేరు చేయడం, మంచం వేరు చేయడం తగదు. స్టోమా అంటురోగం కాదు. గుడికీ వెళ్లవచ్చు, శుభకార్యానికీ వెళ్లవచ్చు. గాయం మానాక భార్యాభర్తల కలయికకూ స్టోమా అడ్డు కాదు. స్టోమా ఉన్న స్త్రీలు పిల్లల్ని కన్నవారూ ఉన్నారు. ఇబ్బంది ఉంటే డాక్టరును అడగడంలో సిగ్గు లేదు.

వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సినవి:

- స్టోమా నీలంగా, నల్లగా మారితే
- రక్తం ఆగకుండా వస్తుంటే
- గంటల తరబడి ఏమీ రాక, కడుపు ఉబ్బి వాంతులవుతుంటే
- బ్యాగు పదేపదే నీళ్లతో నిండి, మూత్రం తగ్గి, కళ్లు తిరుగుతుంటే

ఆపరేషన్‌కు ముందే అడగండి

ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రిలో స్టోమా క్లినిక్ ఉంది. ఆస్టమీ అసోసియేషన్ ఆఫ్ ఇండియా పనిచేసేదీ ఆ నగరం నుంచే. చాలా పెద్దాసుపత్రుల్లో ఈ పనిలో శిక్షణ పొందిన నర్సులుంటారు. ఆపరేషన్‌కు ముందే వాళ్లను కలవాలి. లంగా బొందు, పంచె ముడి ఎక్కడ పడుతుందో, కూర్చుంటే పొట్ట ఎక్కడ మడత పడుతుందో చూపించి గుర్తు పెట్టించుకోవాలి. ఆ గుర్తు తప్పితే బ్యాగు నిలవక ఏళ్ల తరబడి అవస్థే.

బ్యాగుల ఖర్చు నెలనెలా ఉంటుంది. మీ రాష్ట్ర పథకం ఆపరేషన్‌కే వర్తిస్తుందా, బ్యాగులకూ ఇస్తారా అన్నది ముందే కనుక్కోవాలి. డిశ్చార్జి రోజున నర్సు ముందే ఒకసారి మీ చేత్తో మార్చి చూపించండి. భాష రాకపోతే తెలిసినవారిని తోడు తీసుకెళ్లండి. అర్థం కాకుండా మాత్రం తల ఊపి రావద్దు.